వెనీర్లు వేయించుకోవాలనుకుంటున్నారా? సొంత పళ్ళు చెడకుండా ఇలా చూసుకోండి

“వెనీర్లు వేయిస్తే ఉన్న పళ్ళు పాడవుతాయా?” అని నలుగురిని అడిగితే ఇద్దరు “ఏం కాదు, హాయిగా వేయించుకో” అంటారు. మిగతా ఇద్దరు “పళ్ళన్నీ అరగదీసి పారేస్తారు, దాని జోలికి పోకు” అంటారు. నిజానికి పంటి ముందువైపు అతికించే ఆ పలుచటి పెంకు వల్ల పన్నుకి వచ్చే హాని దాదాపు ఏమీ లేదు. హాని ఉంటే అది అతికించడానికి ముందు పన్నుని ఎంత చెక్కారన్న దాంట్లో ఉంటుంది. వెనీర్ అన్న ఒక్క పేరుతోనే ఒకరికి పన్నుని తాకీ తాకనట్టు పని కానిస్తారు, ఇంకొకరికి పన్నుని మొండి చేసి పంపిస్తారు. అందుకే ఆ రెండు రకాల జవాబులూ వినిపిస్తాయి.

నా సంగతి చెప్తాను. నా పై వరసలో మధ్య పళ్ళు రెండింటికి వెనీర్లున్నాయి, తొమ్మిదేళ్ళయింది. చిన్నప్పుడు కిందపడితే ఒక పన్ను మూల విరిగింది. రెండోదాని మీద ఎప్పటినుంచో ఓ మచ్చ. మొదట వెళ్ళిన క్లినిక్‌లో నోట్లో అద్దం పెట్టి పట్టుమని రెండు నిమిషాలు చూసి, “పది పళ్ళకి చేసేద్దాం, నవ్వు అంతా ఒక్కలా ఉంటుంది” అన్నారు. ఎక్స్‌రే లేదు, ఫొటో లేదు. బయటికొచ్చి ఇంకో డాక్టర్‌కి చూపిస్తే ఆవిడ అరగంట చూసి, “మిగతా ఎనిమిది పళ్ళకీ ఏం రోగమొచ్చిందని?” అన్నారు. ఆ ఒక్క మాటతో నా ఎనిమిది పళ్ళు బతికిపోయాయి. నేను డాక్టర్‌ని కాను. మీ నోరు చూసి చెప్పాల్సింది మీ డాక్టరే. కానీ ఆ కుర్చీలో కూర్చునే ముందు ఏం తెలుసుకోవాలో, ఏం అడగాలో, ఎక్కడ “ఆగండి” అనాలో మాత్రం చెప్పగలను.

మొదట: ఎనామెల్ లెక్క తెలుసుకోండి

పంటి పైపొర ఎనామెల్. ఒంట్లో అంతకన్నా గట్టిది ఇంకోటి లేదు, బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. అయితే దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురులోంచి బయటికొచ్చేసరికే పోతాయి. తెగిన చర్మం మానుతుంది, విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఎనామెల్ మాత్రం పోతే పోయినట్టే.

ఈ పొర అంతటా ఒకే మందంలో ఉండదు. ముందు పళ్ళలో కొరికే అంచు దగ్గర సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది, నడుమ కాస్త తగ్గుతుంది, చిగురు దగ్గరికొచ్చేసరికి 0.3 నుంచి 0.5 మిల్లీమీటరే. పింగాణీ వెనీర్ మందం మామూలుగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్లు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. పెంకుకి చోటివ్వడానికి అంత మందమూ పన్నులోంచే తీస్తే చిగురు దగ్గర ఎనామెల్ మొత్తం ఖర్చయిపోవచ్చు. దాని కింద ఉండేది డెంటిన్.

డెంటిన్ బయటపడితే రెండు నష్టాలు. అందులో పంటి నరం వైపు పోయే సన్నటి గొట్టాలు వేలకు వేలుంటాయి. చల్లనిది తగిలి వాటిలో ద్రవం కదిలిందంటే పన్ను జివ్వుమంటుంది. ఇది అందరికీ తెలిసిన బాధే. రెండోది అంతకన్నా పెద్దది: వెనీర్‌ని పట్టి ఉంచే రెజిన్ సిమెంట్ ఎనామెల్‌ని పట్టుకున్నంత గట్టిగా డెంటిన్‌ని పట్టుకోదు. ఎనామెల్ మీద సరిగ్గా అతికించిన పింగాణీ వెనీర్లలో పదేళ్ళ తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా నిలిచి ఉన్నట్టు చాలా పరిశీలనల్లో తేలింది. డెంటిన్ ఎక్కువగా బయటపడ్డ పళ్ళ మీదే ఊడటం, చిట్లటం ఎక్కువ.

అసలు ఈ పద్ధతంతా ఎనామెల్ చలవే. 1930లలో హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు నటుల పళ్ళ మీద ఇలాంటి పెంకుల్నే అంటించేవాడు. కానీ అవి కెమెరా ముందు నిలిచేంతవరకే, తర్వాత తీసేయాల్సిందే. 1955లో మైఖేల్ బునొకోర్ ఎనామెల్‌ని కాసేపు ఆమ్లంతో గరుకు చేస్తే రెజిన్ దానికి గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. 1980ల మొదట్లో పింగాణీ లోపలి వైపుని కూడా ఆమ్లంతో గరుకు చేసే పద్ధతి వచ్చాకే వెనీర్లు ఏళ్ళ తరబడి నిలవడం మొదలైంది. ఎనామెల్ లేకపోతే మళ్ళీ పింకస్ కాలానికి పోయినట్టే. కాస్త పెంచి చెప్తున్నానేమో గానీ, చాలా పెంచలేదు.

తర్వాత: మీకు వెనీరే కావాలా?

చెక్కుడు తక్కువున్న దారి ముందు, ఎక్కువున్నది చివర. ఈ వరసలో ఆలోచించండి.

బాధ పసుపు రంగు గురించే అయితే ముందు క్లీనింగ్ చేయించండి. చాలాసార్లు కొంత పసుపు గార వల్లే ఉంటుంది. అది పోయాక కూడా రంగు నచ్చకపోతే డాక్టర్ దగ్గరే బ్లీచింగ్ చేయించుకోవచ్చు, పన్నుని చెక్కే పని ఉండదు. తెల్ల మచ్చలు, కొద్దిపాటి ఫ్లోరోసిస్ (చిన్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువై పడ్డ మచ్చలు) ఉంటే పైపైన సన్నగా రుద్ది తీసే పద్ధతి ఉంది, మచ్చలోకి రెజిన్ ఇంకించే పద్ధతీ ఉంది. మూల విరిగితే పంటి రంగు పదార్థమైన కాంపోజిట్‌తో కట్టేస్తారు. చాలాసార్లు డ్రిల్లు కూడా అక్కర్లేదు.

వంకర పళ్ళ విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. ఆరు నెలలో, ఏడాదో క్లిప్పులు పెట్టుకునే ఓపిక లేక “వెనీర్లతో సర్దేయండి” అని అడిగేవాళ్ళున్నారు, సరేననే డాక్టర్లూ ఉన్నారు. ముందుకు పొడుచుకొచ్చిన పన్నుని వెనీర్‌తో వరసలోకి తేవాలంటే ఆ పొడుచుకొచ్చిన ముక్క చెక్కేయాలి. అంటే ఎనామెల్ దాటి డెంటిన్‌లోకి, ఒక్కోసారి నరం దగ్గరదాకా పోవాలి. ఏడాది క్లిప్పులు వద్దనుకుని జీవితాంతం మోసే పన్నుని పోగొట్టుకోవడం ఏం బేరం? ముందు క్లిప్పులో, అలైనర్లో (పళ్ళకి తొడిగే పారదర్శక తొడుగులు) పెట్టించి వరస సర్దుకుంటే, అప్పటికీ వెనీర్ కావాలనిపిస్తే, పైపైన చెక్కితే సరిపోతుంది. చాలామందికి అప్పుడు అసలు వెనీరే అక్కర్లేకపోతుంది.

వెనీర్లు నిజంగా పనికొచ్చేది ఎక్కడంటే: పుట్టుకతోనే మేకులా సన్నగా వచ్చిన పక్క పన్ను, టెట్రాసైక్లిన్ మందు వల్ల లోపలినుంచే నల్లబడి బ్లీచింగ్‌కి లొంగని పళ్ళు, కట్టిన ముక్క మాటిమాటికీ రాలిపోయే విరిగిన పన్ను, ఎనామెల్ సరిగ్గా తయారుకాని పళ్ళు. నాకు తేలింది కూడా ఇదే. విరిగిన మూలకి మూడుసార్లు కాంపోజిట్ కట్టించాక గానీ వెనీర్ మాట రాలేదు.

బ్లీచింగ్, వెనీర్ రెండూ చేయించుకునే ఆలోచన ఉంటే బ్లీచింగ్ ముందు. అయ్యాక రెండు వారాలు ఆగాలి, ఎందుకంటే పంటిలో మిగిలిన ఆక్సిజన్ సిమెంట్‌ని సరిగ్గా గట్టిపడనివ్వదు. తర్వాత చేయిద్దాంలే అనుకుంటే పక్క పళ్ళు తెల్లబడతాయి, వెనీర్ రంగు ఇసుమంత కూడా మారదు.

పునాది చూపించుకోండి

చిగుళ్ళలోంచి రక్తం వస్తుంటే వెనీర్ పని మొదలుపెట్టకూడదు. అతికించేటప్పుడు చెమ్మ తగిలిందంటే పట్టు పోతుంది. పైగా ఉబ్బిన చిగురు తర్వాత తగ్గి వెనీర్ అంచు బయటపడుతుంది. పిప్పి పళ్ళుంటే ముందు వాటి పని చూడాలి. పాత ఫిల్లింగ్ పెద్దగా ఉన్న పన్నుకి వెనీర్ నప్పకపోవచ్చు. ఎక్స్‌రే తీయకుండా ఇవన్నీ పూర్తిగా తేలవు. తీయకపోతే అడిగి తీయించుకోండి.

నిద్రలో పళ్ళు నూరే అలవాటు ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియదు. అద్దం ముందు నిలబడి కోరపళ్ళ మొనలు చూసుకోండి. మొనదేలి ఉండాల్సినవి ఆకురాయితో రుద్దినట్టు చదునుగా ఉంటే అనుమానించాల్సిందే. పొద్దున్నే దవడలు బిగుసుకున్నట్టు ఉంటుందా? పక్కన పడుకునేవాళ్ళకి పటపటమని చప్పుడు వినిపిస్తుందా? ఇలాంటి నోట్లో వెనీర్లు చిట్లే ప్రమాదం బాగా ఎక్కువ. అంటే వేయించుకోకూడదని కాదు. డాక్టర్‌కి ముందే చెప్పాలి, బైట్ (పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు) చూపించుకోవాలి, రాత్రిళ్ళు పెట్టుకునే గార్డ్ చేయించుకోవాలి. ఆ గార్డ్ పెట్టుకోవడం నా వల్ల కాదనుకుంటే వెనీర్ మాట మరిచిపోవడమే మంచిది.

పులితేన్పులు, తరచూ వాంతులు ఉన్నవాళ్ళకి కడుపులోని ఆమ్లం పంటి వెనకవైపు ఎనామెల్‌ని తినేస్తుంటుంది. అది ఆగకుండా ముందువైపు ఎంత అందంగా చేసినా నిలవదు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకి మామూలుగా వేయరు. వాళ్ళ పన్నులో నరం గది పెద్దది, చిగురు ఇంకా తన చోటికి చేరుకోదు. గర్భంతో ఉన్నవాళ్ళు అందం కోసం చేయించే ఈ పనిని కాన్పు తర్వాతకి వాయిదా వేసుకోవచ్చు, తొందరేమీ లేదు.

డాక్టర్‌ని అడగాల్సినవి

అడగడానికి మొహమాటపడకండి. నేను చీటీ మీద రాసుకుని తీసుకెళ్ళాను, ఆవిడ నవ్వారు గానీ అన్నిటికీ జవాబు చెప్పారు.

“ఎంత చెక్కుతారు? ఎనామెల్‌లోనే ఆగుతుందా?” అన్నది మొదటి ప్రశ్న, అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. “పైన ఇంత, చిగురు దగ్గర ఇంత, ఫలానా పన్ను దగ్గర మాత్రం కాస్త లోతు పోవచ్చు” అని పన్ను పన్నుకీ విడిగా చెప్తే నమ్మండి. “అవన్నీ మేం చూసుకుంటాం” అన్నారంటే లేచి వచ్చేయండి.

“ఇది వెనీరా, క్యాపా?” ఇది తప్పక అడగండి. క్యాప్ అంటే పన్నుని చుట్టూ చెక్కి పైన తొడిగే టోపీ. ఫోన్లలో తిరిగే వీడియోల్లో పళ్ళని చిన్న చిన్న మేకుల్లా చెక్కి చూపిస్తారే, అవి వెనీర్లు కావు, క్యాపులు. పేరు మాత్రం వెనీర్ అని చెప్తారు. తేడా ఎంతో తెలుసా? 2002లో వచ్చిన ఒక పరిశోధనలో తూచి చూస్తే, వెనీర్ రకాల కోసం పంటి పైభాగంలో పోయేది 3 నుంచి 30 శాతం, చుట్టూ చెక్కే క్యాప్ కోసం పోయేది 63 నుంచి 72 శాతం. అంత చెక్కిన పన్నులో నరం దెబ్బతిని తర్వాత రూట్ కెనాల్ దాకా పోయే అవకాశం కూడా ఎక్కువే. క్యాప్ చెడ్డదని కాదు. సగం పుచ్చి, రూట్ కెనాల్ అయిన పన్నుకి అదే దిక్కు. బాగున్న పన్నుకి వేయడమే అన్యాయం.

“దేనితో చేస్తారు?” అని కూడా అడగండి. పింగాణీలో రెండు రకాలు ఎక్కువగా వినిపిస్తాయి. ఫెల్డ్‌స్పార్ పింగాణీ చాలా పలుచగా, అచ్చం పన్నులా కనిపిస్తుంది గానీ పెళుసు. లిథియం డైసిలికేట్ అంతకన్నా బాగా గట్టిది. ఈ రెండూ ఆమ్లంతో గరుకై పన్నుకి బాగా అతుకుతాయి. జిర్కోనియా ఇంకా గట్టిదే కానీ ఆ ఆమ్లానికి లొంగదు, అతికించే పద్ధతి వేరు. గట్టిదన్న ఒక్క కారణంతో దాన్ని ఎంచుకోవద్దు. కాంపోజిట్‌తో కుర్చీలోనే మలిచే వెనీర్లకి చెక్కుడు చాలా తక్కువ, ఒక్కోసారి అసలు ఉండదు. చిట్లితే అక్కడికక్కడే బాగుచేయొచ్చు. కాకపోతే రంగు పట్టేస్తుంది, ఐదారేళ్ళకోసారి మార్చాల్సి రావచ్చు. పాతికేళ్ళ లోపు వాళ్ళు అడిగితే నేను దీంతోనే మొదలుపెట్టమంటాను.

“చెక్కకుండానే వేస్తాం” అన్న ప్రకటనలు చూసే ఉంటారు. చిన్న పళ్ళు, సందులున్న పళ్ళు, లోపలికి వంగిన పళ్ళు అయితే అది నిజంగా మంచి మార్గం. ఉన్న పన్నే సరైన సైజులో ఉంటే మాత్రం దానిమీద ఇంకో పొర పెడితే పన్ను ఉబ్బెత్తుగా అవుతుంది, చిగురు దగ్గర మెట్టులా మిగిలిపోయి అక్కడ పాచి చేరుతుంది. మెల్లగా చిగురు ఎర్రబడుతుంది.

ఇంకొకటి. బ్యూటీ పార్లర్లలో, ఇళ్ళకొచ్చి, కిట్లు కొనుక్కుని వెనీర్లు అంటించే వాళ్ళు బయల్దేరారు. దంతవైద్యుడిగా రిజిస్ట్రేషన్ లేని మనిషి చేత పంటి మీద చెయ్యి వేయించుకోవద్దు. ఎక్స్‌రే చూడడం రానివాళ్ళకి పుచ్చు మీద మూత వేస్తున్నామని కూడా తెలియదు.

చెక్కకముందే నమూనా చూడండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. దీని పేరు మాకప్.

మీ పళ్ళ అచ్చు తీసి, దాని మీద మైనంతో కొత్త ఆకారం దిద్దుతారు, లేదా కంప్యూటర్లో గీస్తారు. ఆ ఆకారానికి మెత్తటి సిలికాన్ అచ్చు చేస్తారు. అందులో దంతం రంగు రెజిన్ నింపి, చెక్కని మీ పళ్ళ మీద నొక్కి నాలుగైదు నిమిషాలు ఉంచి తీస్తే కొత్త పళ్ళు కనిపిస్తాయి. పన్ను మీద ఒక్క గీత కూడా పడలేదు. నచ్చకపోతే ఒలిచేస్తారు.

అద్దంలో చూసి మురిసిపోయి ఊరుకోవద్దు. లేచి నిలబడండి. “ఫోను, ఫ్యాను, వాన” అని పలకండి. ఫ, వ పలికేటప్పుడు పై పళ్ళ అంచు కింది పెదవిని మెత్తగా తాకాలి. గుచ్చుకుంటే పళ్ళు పొడుగయ్యాయని అర్థం. “సీసా, శనివారం” అనండి, ఈల వస్తోందేమో వినండి. నాకు మొదటి మాకప్‌లో సన్నటి ఈల వచ్చింది. ఆవిడ అక్కడే అంచుని కాగితమంత అరగదీశారు, పోయింది. అదే ఆఖరి రోజు బయటపడి ఉంటే పింగాణీని అరగదీయాల్సి వచ్చేది. వీలైతే ఆ మాకప్‌తోనే ఇంటికెళ్ళి ఒకటి రెండు రోజులు తిరగండి.

మాకప్ వల్ల అందం కన్నా పెద్ద లాభం ఇంకోటుంది. మంచి డాక్టర్లు దాన్ని తీసేయకుండా దాని మీదుగానే చెక్కడం మొదలుపెడతారు. ఇంత లోతుకి మించి దిగలేని ప్రత్యేకమైన డ్రిల్లు మొన, అంటే బర్‌తో అడ్డంగా మూడు గాడులు పెడతారు. గాడుల అడుగున పెన్సిల్‌తో గీస్తారు. మాకప్ ఒలిచాక పన్ను మీద ఎక్కడ పెన్సిల్ గీత ఉందో అక్కడ మాత్రమే, ఆ గీత చెరిగేదాకా మాత్రమే చెక్కుతారు. గీత పడని చోట కొత్త ఆకారానికి చోటు ముందే ఉందన్నమాట, అక్కడ పన్నుని ముట్టుకోనక్కర్లేదు. నా మచ్చ పన్ను మీద గీత సగానికే పడింది. కంటి అంచనాతో చెక్కే వాళ్ళయితే ఆ మిగతా సగం కూడా పోయేది.

కాబట్టి “మాకప్ చేస్తారా? దాని మీదుగానే చెక్కుతారా?” అని అడగండి. దానికి వేరే డబ్బు అడిగినా ఇవ్వండి.

చెక్కే రోజు

మత్తు ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, కొద్దిగా చెక్కేదైతే అక్కర్లేకపోవచ్చు. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ నీళ్ళు చిమ్ముతూనే ఉండాలి, పొడిగా చెక్కితే పుట్టే వేడి నరానికి దెబ్బ. మొదలుపెట్టే ముందు, అయిపోయాక పళ్ళ ఫొటోలు తీయమనండి. చెక్కాక ఫొటో చూస్తే మామూలు మనిషికి కూడా తేడా అర్థమవుతుంది: ఎనామెల్ తెల్లగా ఉంటుంది, డెంటిన్ బయటపడ్డ చోట పసుపు ఛాయ. చుట్టూ అంచు మాత్రం ఎనామెల్ మీదే ఉండాలి. ఎక్కడైనా డెంటిన్ కనిపిస్తే అచ్చు తీయకముందే అదే రోజు దాన్ని బాండింగ్ పూతతో మూసేసే పద్ధతి ఉంది, అది చేస్తారా అని అడగండి. జివ్వుమనడమూ తగ్గుతుంది, తర్వాత పట్టూ బాగుంటుంది.

అసలువి తయారయ్యేదాకా తాత్కాలికంగా ప్లాస్టిక్‌వి వేస్తారు. వాటితో దేన్నీ కొరకొద్దు. ఊడితే వెంటనే వెళ్ళి పెట్టించుకోండి.

అతికించే రోజు

ముందు సిమెంట్ లేకుండా నీళ్ళతోనో, కడిగితే పోయే జెల్‌తోనో పెట్టి చూపిస్తారు. పడుకుని చేతి అద్దంలో చూసి తల ఊపొద్దు. కుర్చీలోంచి దిగి కిటికీ దగ్గరికెళ్ళి పగటి వెలుగులో చూడండి. కూడా వచ్చినవాళ్ళకి చూపించండి. రంగు నచ్చకపోతే ఇప్పుడే చెప్పాలి. అతికించాక తీయాలంటే పగలగొట్టడమే.

తర్వాతి గంట మొత్తం పొడి మీద ఆధారపడి ఉంటుంది. పళ్ళ చుట్టూ రబ్బరు పొర కట్టడం అన్నిటికన్నా మేలు. కనీసం ఉమ్మి, రక్తం తగలకుండా దూది, దారం పెట్టి కాచుకోవాలి. పన్ను మీద సుమారు 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్ పావు నిమిషం నుంచి అర నిమిషం ఉంచి కడిగేస్తారు. భయపడకండి, అది పై పైనే పనిచేస్తుంది. ఆరాక ఎనామెల్ సుద్దముక్కలా తెల్లగా, కాంతి లేకుండా కనిపిస్తుంది. అదే పట్టుకి గుర్తు. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామెల్ ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు, కాస్త ఎక్కువసేపు ఉంచాల్సి రావచ్చు, అందుకే ఆ సంగతి మీకు తెలిస్తే ముందే చెప్పాలి. ఆపైన బాండింగ్ పూత, సిమెంట్, వెనీర్, నీలి లైటు.

ఇంటికెళ్ళే ముందు మూడు పనులు చేయండి. ప్రతి సందులోంచీ ఫ్లాస్ దారం దించి చూడమనండి, అది దిగాలి, చిరగకుండా రావాలి. పీచులు లేస్తే సిమెంట్ ముక్క మిగిలిందని లెక్క. చిగురు దగ్గర మీ గోటితో పైనుంచి కిందికి గీసి చూసుకోండి, మెట్టు తగలకూడదు. రంగు కాగితం కొరికించి బైట్ చూస్తారు కదా, అప్పుడు దవడ అటూ ఇటూ జరిపి కూడా కొరకండి. మత్తు దిగాక ఒక పన్ను ముందు తగులుతున్నట్టు అనిపిస్తే ఓర్చుకోవద్దు, మర్నాడే వెళ్ళండి. రెండు నిమిషాల పని. ఊరుకుంటే వెనీర్ చిట్లుతుంది, లేదా పన్ను నొప్పి మొదలవుతుంది.

మొదటి రెండు వారాలు

చల్లటివి, వేడివి తగిలితే కొంచెం జివ్వుమనడం మామూలే, రోజురోజుకీ తగ్గుతూ పోవాలి. పెదవి లోపల ఏదో కొత్త వస్తువు ఉన్నట్టు ఉంటుంది, వారంలో మరిచిపోతారు.

డాక్టర్‌ దగ్గరికి పరిగెత్తాల్సినవి వేరు: ఏమీ తగలకుండానే నొప్పి రావడం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, చల్లనిది తీసేశాక కూడా అర నిమిషానికి మించి లాగుతూ ఉండటం, చిగురు మీద పొక్కు. ఇవి నరం దెబ్బతిన్న గుర్తులు కావచ్చు. “కొత్త కదా, సర్దుకుంటుంది” అని మాత్రల మీద నెట్టుకురావద్దు.

ఏళ్ళ తరబడి నిలవాలంటే

వెనీర్ పుచ్చదు. దాని అంచు దగ్గర మీ సొంత పన్ను పుచ్చుతుంది. చాలామంది వెనీర్లు పెట్టించుకున్నాక “ఇంకేం భయం” అని బ్రష్ విషయంలో అశ్రద్ధ చేస్తారు, సరిగ్గా అక్కడే దెబ్బతింటారు. మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్ట్, రోజుకి రెండుసార్లు, రాత్రి ఫ్లాస్. బొగ్గు పొడులు, గరుకు పేస్టులు వద్దు, మెరుపు పోతుంది. తియ్యటి కూల్‌డ్రింకులు చప్పరిస్తూ గంటసేపు తాగే అలవాటుంటే మానుకోండి. నోట్లో పీహెచ్ 5.5 కన్నా కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది, అంచు దగ్గర కూడా.

క్లీనింగ్‌కి వెళ్ళినప్పుడు ఏ పళ్ళకి వెనీర్లున్నాయో కూర్చోగానే చెప్పండి. బాగా చేసినవి చూసి గుర్తుపట్టడం కష్టం. అంచుల మీద గార తీసే అల్ట్రాసోనిక్ మొన గట్టిగా ఆనించకూడదు. కొన్ని ఫ్లోరైడ్ జెల్స్‌లో ఆమ్లం ఉంటుంది, అది పింగాణీ నునుపుని తినేస్తుంది. న్యూట్రల్ ఫ్లోరైడ్ వాడమనండి.

పళ్ళతో సీసా మూతలు, ప్యాకెట్లు, దారాలు తెంచొద్దు. ఐస్ ముక్కలు నమలొద్దు, పెన్ను కొరకొద్దు, గోళ్ళు కొరకొద్దు. నా వెనీర్‌కి ఒకే ఒక్క చిన్న పెచ్చు ఊడింది, అదీ చేతిలో కత్తెర ఉండగా నోటితో టేపు తెంచినందుకు. ఎవర్ని తిట్టుకోవాలి?

ఊడితే, చిట్లితే, మార్చాల్సి వస్తే

వెనీర్ ఊడి చేతిలోకి వస్తే కంగారు పడకండి. చిన్న డబ్బాలో వేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. విరగకుండా ఉంటే శుభ్రం చేసి మళ్ళీ అతికించే వీలుంది. ఇంట్లో ఉన్న సూపర్ గ్లూతో మాత్రం అంటించుకోవద్దు, పన్నూ పాడవుతుంది, వెనీరూ పనికిరాకుండా పోతుంది. ఊడిన దాని లోపలివైపు చూడమని డాక్టర్‌ని అడగండి. సిమెంట్ వెనీర్‌తో వచ్చిందా, పన్ను మీదే ఉండిపోయిందా అన్నదాన్ని బట్టి పొరపాటు ఎక్కడ జరిగిందో కొంత తెలుస్తుంది.

పింగాణీవి చాలామందికి పది పదిహేనేళ్ళు వస్తాయి, కొందరికి ఇంకా ఎక్కువ. కానీ ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే. చెక్కిన పన్నుని వెనీర్ లేకుండా వదిలేయడం కుదరదు కాబట్టి ముప్పై ఏళ్ళప్పుడు వేయించుకున్నవాళ్ళు జీవితంలో రెండు మూడుసార్లైనా ఈ పని చేయించుకోవాలని లెక్కేసుకోవాలి. పాత వెనీర్‌ని డ్రిల్లుతో తీసేటప్పుడు అసలు ప్రమాదం ఏంటంటే పింగాణీ, సిమెంట్, ఎనామెల్ మూడూ ఒకే రంగులో ఉంటాయి. ఎక్కడ ఆగాలో తెలియక ప్రతిసారీ కాస్త పన్ను కూడా పోతుంది. పెద్దగా చూపించే భూతద్దాలు పెట్టుకుని చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఎర్బియం లేజర్‌తో సిమెంట్‌ని వదులు చేసి పెంకుని పెంకులాగే తీసే పద్ధతి కూడా ఉంది, దొరికితే అది మేలు.

ఆ రోజు కోసం ఇప్పుడే ఒక పని చేసి పెట్టుకోండి. చెక్కకముందు, చెక్కాక తీసిన ఫొటోలు, ఎక్స్‌రేలు, వాడిన పింగాణీ పేరు, షేడ్ నంబరు, సిమెంట్ పేరు, వేసిన తేదీ, ఎక్కడైనా డెంటిన్ బయటపడిందా లేదా అన్న వివరం డాక్టర్ చేత రాయించుకుని దాచుకోండి. క్లినిక్ మూతపడొచ్చు, మీరే ఊరు మారొచ్చు. నా కాగితాల్లో ఎడమ పన్ను బొమ్మ పక్కన ఆవిడ చేత్తో రాసిన ముక్క ఒకటుంది: “చిగురు దగ్గర 0.3, ఎనామెల్ ఉంది, ఇక చెక్కొద్దు.”